కాశీలో వదిలేసిన కూర

మా ఆయన బెజవాడ తిండి గురించి మొదలుపెడితే వినేవాళ్ళకి ఆకలేసేది, నాకు ఒళ్ళు మండేది. పామర్రులో మాకు చేనేత చీరల కొట్టు ఉంది. సరుకు కోసమో, తెలిసిన షాపులకి చీరలు వేయడం కోసమో వారం తిరక్కుండా ఆయన వన్‌టౌన్ వెళ్ళేవారు. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త చోటు కనిపెట్టి వచ్చేవారు. ఫలానా సందులో నేతి ఇడ్లీ, ఫలానా మేడ మెట్ల కింద పునుగులు, సినిమా హాలు వెనక పెసరట్టు. బస్సు దిగి ఇంటికొచ్చి, నేను వండిన దోసకాయ పప్పు ముందు కూర్చుని ఆ పునుగుల సంగతి చెప్పేవారు. చెబుతూ నా పప్పు రెండుసార్లు వేయించుకునేవారనుకోండి, అది వేరే మాట.

"అంత బాగుంటే నాకూ నాలుగు కట్టించుకు రావచ్చుగా?" అనేదాన్ని.

"పునుగు పొట్లం కట్టుకుని తెచ్చుకునే వస్తువు కాదే. మూకుడు పక్కన నిలబడి, నోరు కాలుతుంటే ఊదుకుంటూ తినాలి. ఈసారి సెలవులకి నిన్నే తీసుకెళ్తాగా" అనేవారు.

నేను గవర్నమెంటు బళ్ళో సైన్సు టీచర్ని. సెలవులు వచ్చేవి, పోయేవి. నాకు సెలవులిచ్చేది పండగలకి, చీరల కొట్టువాడికి ఊపిరాడనిదీ పండగలకే. నా ఖాళీ, ఆయన ఖాళీ ఎప్పుడూ కలవలేదు.

కిందటి దసరాకి కలిశాయి. పెళ్ళైన తర్వాత మొదటిసారి పండగ సీజన్లో కొట్టుకి తాళం వేసి ఆయన నన్ను బెజవాడ తీసుకెళ్ళారు. ఎందుకంటే పండగ వెళ్ళిన మర్నాడు ఆయన నాలుక ఆపరేషన్ కోసం ఆసుపత్రిలో చేరాలి.

ఆయనకి సిగరెట్టు లేదు, గుట్కా లేదు, అన్నం తిన్నాక వక్కపలుకు నమిలే అలవాటు కూడా లేదు. వెనకపన్ను ఒకటి విరిగి, దాని అంచు నాలుకకి గీసుకుంటూ ఉండేది. అక్కడ పుండు పడింది. వేడి చేసిందనుకున్నాం. మా వైపు నోట్లో ఏమొచ్చినా వేడి చేయడమే. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చాను, మజ్జిగ పోశాను, పుండు మీద నెయ్యి రాశాను. ఎండలు పోయి వానలొచ్చినా ఆ వేడి మాత్రం దిగలేదు. చివరికి బెజవాడలో ఒక డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాడు. రిపోర్టు వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. నాలుక తీయాలి. ఎంత తీయాలన్నది లోపల చూశాక గానీ తెలియదు. అదృష్టం బాగుంటే సగం మిగులుతుంది. సగం నాలుకతో మనిషి మాట్లాడగలడు, మింగగలడు, ఉప్పూ కారం తెలుస్తాయి. బాగోకపోతే మొత్తం తీసేసి, తొడ దగ్గర కండ తెచ్చి ఆ చోట కుడతారు. ఆ కండకి రుచి తెలియదు, మాట తిరగదు.

అంతా విని ఆయన డాక్టర్ని ఒక్క ప్రశ్న అడిగారు. "అప్పటిదాకా పథ్యం ఏమన్నా చెయ్యాలాండీ?"

"పథ్యమేమీ లేదండీ. తినగలిగింది తినండి" అన్నాడు డాక్టరు.

మెట్లు దిగుతూ నేను మధ్యలోనే కూలబడ్డాను. వచ్చేపోయేవాళ్ళు పక్కకి తప్పుకుని వెళ్తున్నారు. ఆయన నా చెయ్యి పట్టుకుని లాగి, "లే, లే. దారికడ్డం కూర్చుంటావేంటి? ఇంతకీ మీ సెలవులెప్పట్నుంచి?" అన్నారు.

అలా మొదలైంది మా ప్రయాణం. మత్తు డాక్టరు చూడాలి, గుండె డాక్టరు చూడాలి, పరీక్షలకి రక్తాలివ్వాలి. వాటికోసం ఊళ్ళో ఉండక తప్పదు కాబట్టి గాంధీనగర్లో ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది, ఆపరేషన్ నాటికి వచ్చేస్తానంది. రోడ్ల నిండా ఎర్రబట్టలు కట్టుకున్న భవానీలు, మైకుల్లో అమ్మవారి పాటలు, కొండ మీద దీపాలు. ఊరంతా పండగలో ఉంటే మేమిద్దరం చేతిలో స్కానింగు కవరు పట్టుకుని టిఫిన్ హోటళ్ళ వెంట తిరగడానికి బయల్దేరాం.

మొదటిరోజు పొద్దున్నే ఇడ్లీకి తీసుకెళ్ళారు. చిన్న హోటలు, నలుగురు కూర్చుంటే ఐదోవాడు బయట నిలబడాలి. ఇడ్లీ మీద గరిటెతో నెయ్యి పోసి, పక్కన కారప్పొడి వేసి తెచ్చారు. ఆయన కూర్చున్న తీరు చూస్తే పెళ్ళిచూపులకి వచ్చినట్టుంది. ముక్క తుంచి, కారప్పొడిలో బాగా పొర్లించి నోట్లో పెట్టుకున్నారు.

నేను ఇంట్లో చాలా రోజుల్నుంచీ చప్పిడి వండుతున్నాను. ఒకటి రెండుసార్లు పొరపాటున కారం తగిలితే ఆయన విలవిల్లాడారు. కానీ ఆయన లెక్కలో అది నా చేతి తప్పు. బెజవాడ కారం అలా చెయ్యదని ఆయన నమ్మకం. చిన్నప్పట్నుంచీ తిన్న తిండి తనకి అపకారం చేస్తుందని ఆయనకి తోచనే లేదు. ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాక మొహం ఎర్రబడింది, కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. మింగనూ లేరు, నలుగురిలో ఉమ్మనూ లేరు. గ్లాసు ఎత్తి నీళ్ళు పోసుకుంటే అవీ మండాయి. నేను కొంగు చాపి, "ఇందులో ఉమ్మండి" అన్నాను. తల అడ్డంగా ఊపి, ఎలాగో మింగారు. ప్లేటు నా ముందుకి జరిపి, "నువ్వు తిను. నేను చూస్తా" అన్నారు.

ఆరోజు నాకర్థమైంది, ఈ తిరుగుడంతా ఎలా ఉండబోతోందో. చోట్లు ఆయనవి, నోరు నాది.

ఇంటికి వెళ్ళిపోదామని అడిగాను. ఒప్పుకోలేదు. రోజూ సాయంత్రం బయల్దేరదీసేవారు. పునుగుల బండి దగ్గర నన్ను మూకుడు పక్కనే నిలబెట్టి, "వేడి పోకముందే, కానీ" అని తొందరపెట్టేవారు. నేను అల్లం చట్నీలో ముంచుకుని తింటుంటే నా దవడ వైపే చూసేవారు.

"ఎట్టా ఉంది?"

"బాగుంది."

"బాగుంది ఏంటే, పిల్లల పేపర్లో మార్కులేసినట్టు! పైన కరకరలాడుతోందా? లోపల పిండి పులిసిన పులుపు తగిలిందా? జీలకర్ర పంటికింద పడిందా?"

నేను తిండి గురించి మాట్లాడే మనిషిని కాదు. ఆకలేస్తే తినడం, తిన్నాక గిన్నెలు తోముకోవడం, అంతే నాకు తెలిసింది. అలాంటిదాన్ని నడిరోడ్డు మీద నిలబడి, పునుగు లోపల ఎలా ఉందో, చట్నీలో బెల్లం ఎంత పడిందో, పెసరట్టు అంచు ఎలా విరిగిందో వర్ణించడం నేర్చుకున్నాను. నేను సరిగ్గా చెప్పినప్పుడు ఆయన కళ్ళు మూసుకుని గుటక వేసేవారు. ఆ గుటక చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని. పక్కనున్నవాళ్ళు చూసి, ఈ ముసలాయన డబ్బుల్లేక పెళ్ళానికొక్కదానికే కొనిపెడుతున్నాడనుకుని ఉంటారు.

ఆయన తినగలిగినవీ కొన్ని దొరికాయి. తోపుడుబండి మీద జున్ను, బీసెంటు రోడ్డులో బాదంపాలు, ఒకచోట మెత్తటి సేమ్యా. పంజా సెంటర్లో బిర్యానీ ఒక్కటి మాత్రం మొత్తానికే దక్కలేదు, నవరాత్రుల్లో మేము నీచు ముట్టం. ఆ వాసన వచ్చినప్పుడల్లా, "అమ్మవారు కూడా చూసి చూసి ఇప్పుడే వచ్చింది" అని విసుక్కునేవారు.

ఆ వీధి వెనకాలే ఆయన స్నేహితుడి ఇల్లు. చీరలు కొనే సాయిబు గారు. ఇద్దరూ పాతికేళ్ళుగా బేరాలాడుకుంటూ, తిట్టుకుంటూ, ఒకే కంచంలో తింటూ వచ్చినవాళ్ళు. మేం నీచు తినమని తెలిసి, వాళ్ళావిడ కారం లేకుండా కొబ్బరిపాల అన్నం చేసింది. "మెత్తగా ఉడికించానండీ అన్నయ్య గారూ, నమిలే పన్లేదు" అంది తలుపు దగ్గర నిలబడి. ఆయన నాలుగు ముద్దలు తిన్నారు. సాయిబు గారు నవ్వించడానికి, "నీకు మాట పోతే నాకే లాభం లేవయ్యా, నేను చెప్పిందే ధర" అన్నారు. అని, తన మాట తనకే తగిలిందేమో, లేచి లోపలికెళ్ళిపోయి చాలాసేపు బయటికి రాలేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు చూశాను, వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు.

పండగ దగ్గరపడ్డాక ఒక మధ్యాహ్నం గవర్నరుపేటలో అరిటాకు భోజనానికి తీసుకెళ్ళారు. అక్కడ మనం కావాలనేదాకా ఆగరు. కూర్చోగానే ఆకు నింపేస్తారు. గోంగూర, ఆవకాయ, పచ్చిమిరపకాయలు తేలుతున్న మామిడికాయ పప్పు, ఎర్రటి నూనె తేలిన గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, ఉలవచారు. ఒక పక్కన తెల్లగా ఇంకో కూర. పాలు పోసి వండిన పొట్లకాయ. కూరల్లో కారం లేనిది అదొక్కటే.

ఆయన ఆకుని చూసి, నన్ను చూసి నవ్వారు. ఆ నవ్వు తెలియాలంటే మా కాశీ సంగతి చెప్పాలి.

మా అత్తగారు పోయాక అస్థికలు కలపడానికి కాశీ వెళ్ళాం. కాశీ వెళ్ళినవాళ్ళు తమకి ఇష్టమైన కాయో పండో ఒకటి గంగలో వదిలి రావాలి. ఆ తర్వాత బతికున్నంతకాలం దాన్ని తినకూడదు. నేను బుద్ధిగా వంకాయ వదిలాను. కృష్ణా జిల్లాలో పుట్టి వంకాయ వదులుకున్న మనిషి బతుకెలా ఉంటుందో ఏ పెళ్ళిభోజనంలోనైనా నా మొహం చూస్తే తెలుస్తుంది. ఆయన మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ నోట పెట్టని పొట్లకాయ వదిలారు. దాని వాసనే ఆయనకి పడదు. తిరుగు రైలెక్కాక ఆ మాట నాకు చెప్పి, బెర్తు మీద దొర్లి దొర్లి నవ్వారు. ఇష్టమైంది వదలమన్నారు గదండీ అంటే, "గంగమ్మ మనింటికొచ్చి నా కంచం చూస్తుందా?" అన్నారు.

ఇప్పుడు ఆ కూర వైపు చూస్తూ, "ఆవిడతో తొండాట ఆడానే. కూర వదలమంటే మోసం చేశాను. అందుకే ఏకంగా నాలుకే పట్టుకుపోతోంది" అన్నారు.

నవ్వుతూనే అన్నారు. కానీ ఆ మాట ఆయన ఎన్నాళ్ళుగానో లోపల పెట్టుకుని తిరుగుతున్నారని అర్థమైంది నాకు. ఏడుపు రావాల్సింది. కోపమొచ్చింది.

"గంగమ్మకి వేరే పనేం లేదా? దేశంలో ఉన్న బూడిదంతా మోస్తోంది ఆవిడ. మీ పొట్లకాయ గుర్తుపెట్టుకుని కూర్చుందా? తినండి."

"ఒకసారి తొండి చేశా. మళ్ళీ చెయ్యను."

"పెరుగన్నం తిని లేవడానికా ఇక్కడికి తీసుకొచ్చింది?"

"నువ్వు తిను. ఆ ఉలవచారు ఎలా ఉందో చెప్పు."

అదిగో, ఆ మాటకి నాకు తిక్క రేగింది. చెప్పను. ఇంక ఏదీ ఎలా ఉందో చెప్పను. నా ఆకులో ఉన్న గుత్తివంకాయ తీసుకుని, ముచ్చిక పట్టుకుని నోట్లో పెట్టుకున్నాను. ఆయన చెయ్యి నా ముంజేతి మీదికి వచ్చేసరికే కొరికేశాను. నమిలాను. మింగాను. ఇన్నేళ్ళుగా కలలోకి వచ్చిన వంకాయ, దాని రుచి ఒక్క పిసరు కూడా నాకు తెలియలేదు.

"అయిపోయింది. ఇప్పుడు ఆవిడకి కోపమొస్తే ఇద్దరి మీదా రావాలి. తినండి" అన్నాను.

ఆయన నన్ను అలాగే చూశారు. కాశీ నుంచి వచ్చాక మా అమ్మ బతిమాలినా నేను వంకాయ ముట్టలేదని ఆయనకి తెలుసు. తలొంచుకుని, పొట్లకాయ కూర కొంచెం అన్నంలో కలిపి చిన్న ముద్ద నోట్లో పెట్టుకున్నారు. మండుతుందేమోనని ముందు చెంపలో దాచుకున్నారు. మెల్లగా ఇటు తిప్పారు. ఇంకో ముద్ద కలిపారు.

"ఏవే" అన్నారు కాసేపటికి. "ఇది బాగుందే."

"బాగుంది ఏంటండీ, మార్కులేసినట్టు?"

"కాదే, నిజంగా. పాలు ఇగిరిపోయి తియ్యగా ఉంది. ఆవాలు కూడా చక్కగా వేగాయి. ఇన్నేళ్ళూ ఇదా నేను ఒద్దన్నది?" అని, వడ్డించే ఆయన్ని పిలిచి, "బాబూ, ఆ పొట్లకాయ కూర ఇంకాస్త వెయ్యండి" అన్నారు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ వేయించుకున్నారు. వడ్డించే ఆయన, ఆ కూరని ఇంతలా ఎవరూ అడగరండీ అని సంబరపడి గిన్నె అక్కడే పెట్టేసి వెళ్ళాడు. ఆ రోజు మా ఆయన కడుపు నిండా అన్నం తిన్నారు. ఆ తిరుగుడు మొత్తంలో అదొక్కటే ఆయన తిన్న భోజనం.

బయటికొచ్చి నడుస్తుంటే, "చూడు, ఈ వయసులో ఒక కొత్త కూర పరిచయమైంది. అదీ ఇప్పుడు" అన్నారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. పండగ జనంలో, బొమ్మల దుకాణాల మధ్య నిలబడి నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

"సగం మిగుల్తుందన్నాడుగా డాక్టరు. ఇంటికెళ్ళాక రోజూ అదే వండుతా. మొహం మొత్తేదాకా వండుతా" అన్నాను.

"సగం చాల్లే" అన్నారు కళ్ళు తుడుచుకుని. "పొట్లకాయకి సగం నాలుక సరిపోద్ది."

పండగ వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో చేరాం. అమ్మాయి వచ్చింది. ముందురోజు సాయంత్రం నుంచే ఏమీ తినకూడదన్నారు. పొద్దున్నే ఒక నర్సమ్మ వచ్చి, చిన్న కప్పులో ఏదో మందునీళ్ళిచ్చి, బాగా పుక్కిలించి ఉమ్మమంది. చివరగా ఏం తింటారో, ఆ రుచి ఏదై ఉండాలో అని మేం బెజవాడంతా తిరిగాం. చివరికి ఆయన నాలుక మీద పడింది ఆ మందునీళ్ళు. ఆయన పుక్కిలించి ట్రేలో ఉమ్మి, హోటల్లో సాంబారు రుచి చూసినట్టు మొహం పెట్టారు.

"సరుకు బాగుంది గానీ సిస్టర్ గారూ, మీ వంటాయన ఇంగువ బాగా దట్టించాడు" అన్నారు.

నర్సమ్మ నవ్వింది. ఏడుస్తున్న అమ్మాయి కూడా నవ్వింది. నవ్వారు కదా అని ఆయనకి హుషారొచ్చి, "ఊరంతా తిరిగి చివరికి మీ మెస్సులో తేలానమ్మా, ఇక్కడ అన్నం మటుకు..." అని ఇంకేదో ఎత్తుకున్నారు. స్ట్రెచరు తెచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఆలస్యమవుతోందని నాకు కంగారు.

"చాల్లెండి, ఇంక ఊరుకోండి. వాళ్ళు చూస్తున్నారు" అన్నాను.

ఆయన చప్పున నోరు మూసుకుని, నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, స్ట్రెచరు ఎక్కి పడుకున్నారు.

సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చాడు. లోపల మొదలు దాకా పాకిందండీ, ఏమీ మిగల్చలేకపోయాం అన్నాడు.

బతికారు. అది తక్కువ సంగతి కాదని నాకు తెలుసు, రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. కొట్టు మళ్ళీ తెరిచారు. చీర కొంగు విప్పి గుమ్మంలో వెలుతురుకి పట్టి చూపిస్తారు, ధర చేతివేళ్ళతో చెబుతారు. బేరం పెద్దదైతే పక్కన నేను మాట్లాడతాను. గొట్టంలోంచి జావ పోస్తాను. నోటిలోంచి శబ్దాలు వస్తాయి గానీ మాటలు కావు. వారానికోసారి ఒకమ్మాయి వచ్చి మాటలు ప్రాక్టీసు చేయిస్తుంది. వంటింట్లో నేను మళ్ళీ పొట్లకాయ వండలేదు.

పిల్లలకి సైన్సు చెప్పుకునే మనిషిని. నేను తిన్న వంకాయకీ ఆయన నాలుకకీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా కొన్ని రోజులు పొద్దున్నే, మెలకువ రాగానే, సగం మిగలాల్సింది నా వల్లే మొత్తం పోయిందేమోననిపిస్తుంది. కాసేపటికి సర్దిచెప్పుకుని లేస్తాను.

ఆపరేషన్ పొద్దుట నేనన్న మాటకి మాత్రం సర్దిచెప్పుకోవడం చేతకావడం లేదు. ఆసుపత్రి మెస్సులో అన్నం గురించి ఆయన ఏం చెప్పబోయారో రాసివ్వమంటే గుర్తులేదన్నట్టు చెయ్యి ఊపారు. అది నాకు ఇంక తెలియదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన్ని ఊరుకోమని ఎన్నిసార్లు కసిరానో. ఎప్పుడూ వినలేదు. ఆ రోజు విన్నారు.